కెరటం వచ్చిన దారి

ఏప్రిల్ నెలలో ఒక తెల్లవారుజామున శ్రీకాకుళం జిల్లా కళింగపట్నం ఒడ్డు. సరుగుడు తోటలో ఆకు కదలదు. నీటి మీద ఎక్కడా గాలి జాడ లేదు. అయినా పన్నెండు, పద్నాలుగు సెకన్లకొకటి చొప్పున నున్నటి కెరటాలు వరసకట్టి వస్తాయి, లేస్తాయి, విరుగుతాయి. గాలి లేనిదే అల పుట్టదని బడిలో చదువుకున్నాం. మరి ఈ కెరటాలను లేపిన గాలి ఏది?

ఆ గాలి ఇక్కడ వీచలేదు. వారం కిందట, సుమారు ఏడు వేల కిలోమీటర్ల దూరాన, అంటార్కిటికాను చుట్టి ఉండే దక్షిణ మహాసముద్రంలో వీచింది, ఆగిపోయింది కూడా. నలభయ్యో అక్షాంశానికి దక్షిణాన ఆ సముద్రానికి అడ్డుగా నేల దాదాపు లేదు. తుపాను గాలులు రోజుల తరబడి ఒకే దిక్కుకు నీటిని నెడుతూ పోతాయి. అక్కడ పుట్టే అలలు మొదట గజిబిజిగా ఉంటాయి. దూరం పోయేకొద్దీ పొడవైన అలలు ముందుకు వెళ్లిపోతాయి, పొట్టివి వెనకబడతాయి. పద్నాలుగు సెకన్ల అలల గుంపు లోతు సముద్రంలో గంటకు సుమారు 39 కిలోమీటర్లు నడుస్తుంది. అంటే రోజుకు 900 కిలోమీటర్ల పైన. ఈ లెక్కన మన తీరం చేరడానికి ఏడెనిమిది రోజులు. దారిలో నీరు ప్రయాణించదు, ప్రయాణించేది శక్తి మాత్రమే. ఏ నీటిబొట్టుకాబొట్టు ఉన్నచోటే ఒక సున్నా చుట్టి దాదాపు మళ్లీ అక్కడికే వస్తుంది.

అలలు ఇంత దూరం నిజంగానే వస్తాయా అన్న అనుమానం శాస్త్రజ్ఞులకూ ఉండేది. 1963లో వాల్టర్ మంక్, ఆయన సహచరులు పసిఫిక్ మహాసముద్రం పొడవునా పరికరాలు పెట్టి, దక్షిణాది తుపానుల్లో పుట్టిన అలలను అలాస్కా దాకా వెంటాడి తేల్చారు. ఇవాళ మనకు ఆ పని హైదరాబాద్‌లోని సముద్ర సమాచార సంస్థ ఇన్‌కాయిస్ చేస్తోంది. తీరానికి దూరంగా తేలే బోయాలు అల ఎత్తును, అలకూ అలకూ మధ్య వ్యవధిని కొలుస్తాయి. సముద్రమే లేని నగరంలో కూర్చున్నవాళ్లు, మర్నాడు శ్రీకాకుళం జిల్లా బారువ ఒడ్డున కెరటం ఎంత ఎత్తు ఉంటుందో చెప్పగలుగుతున్నారంటే ఈ లెక్కల చలవే.

శ్రీకాకుళం జిల్లాకు 190 కిలోమీటర్ల పైచిలుకు తీరం ఉంది. విజయనగరానికి ఉన్నది అందులో ఆరో వంతు కూడా కాదు, భోగాపురం, పూసపాటిరేగ మండలాల్లో. రెండూ కలిసి నైరుతి నుంచి ఈశాన్యానికి ఏటవాలుగా సాగుతాయి, ముఖం ఆగ్నేయానికి. ఎదురుగా దీవుల్లేవు, అడ్డు పగడపు దిబ్బలు లేవు. దక్షిణం నుంచి వచ్చే కెరటం నేరుగా వచ్చి తాకుతుంది. సర్ఫింగ్ కోసం వచ్చేవాళ్లకు కావలసింది ఇదే. అద్దంలాంటి నీళ్లలో ముఖం పెట్టి రంగురంగుల చేపలను చూడాలనుకునేవాళ్లకు మాత్రం ఈ తీరం అంత సులువుగా లొంగదు. రెండింటికీ కారణాలున్నాయి. ఆ కారణాలు తెలిసి వచ్చినవాళ్లకు ఇక్కడ కనిపించేది చాలా ఎక్కువ.

పద్నాలుగు సెకన్ల అల లోతు సముద్రంలో 300 మీటర్ల పొడవుంటుంది. అందులో సగం లోతు, అంటే 150 మీటర్ల దగ్గరే దానికి నేల తగలడం మొదలవుతుంది. అక్కడి నుంచి అది నెమ్మదిస్తుంది. వెనకవి దగ్గరికి జరుగుతాయి, ఎత్తు పెరుగుతుంది. చివరికి నీటి లోతు తన ఎత్తుకు ఒకటింబావు రెట్లు ఉన్నచోట విరిగిపడుతుంది. మీటరు ఎత్తు కెరటం సుమారు మీటరుంపావు లోతులో విరుగుతుందన్నమాట. ఈ ఒక్క లెక్క తెలిస్తే ఒడ్డున నిలబడే సముద్రపు అడుగును చూడవచ్చు. తెల్లని నురుగు గీత ఎక్కడ పడుతోందో అక్కడ ఇసుక దిబ్బ ఉంది. రెండు నురుగు గీతల మధ్య నల్లగా, ప్రశాంతంగా కనిపించే సందు ఉంటే అక్కడ లోతు ఉంది.

నేల మెల్లగా వాలితే కెరటం శిఖరం నుంచి నురుగు జారుతూ చాలాసేపు నడుస్తుంది. నేర్చుకునేవాళ్లకు మంచిది అదే. నేల నిటారుగా ఉంటే ఒక్కసారిగా ముందుకు ఒరిగి దబ్బున పడుతుంది. ముతక ఇసుక ఉన్న ఒడ్డు నిటారుగా నిలుస్తుంది, సన్నని ఇసుక ఒడ్డు పరుచుకుంటుంది. కాబట్టి నీటిలో దిగేముందు గుప్పెడు ఇసుక తీసి వేళ్ల మధ్య నలిపి చూస్తే కెరటం తీరు కొంత తెలిసిపోతుంది. పొద్దుటి పూట నేల మీది నుంచి సముద్రం వైపు వీచే చల్లగాలి కెరటం ముఖాన్ని నున్నగా నిలబెడుతుంది. పది గంటలు దాటాక సముద్రపు గాలి తిరిగితే అంతా చిందరవందర. పెద్దకెరటం మీద బల్ల వేసుకుని జారాలనుకునేవాళ్లకు నిద్ర మానుకోక తప్పదు.

ఈ తీరంలో కెరటం మీద స్వారీ కొత్తగా వచ్చిన ఆటేమీ కాదు. ఫైబర్ పడవలూ ఇంజన్లూ రాకముందు వాడబలిజలు, జాలర్లు తెప్ప మీద వేటకు వెళ్లేవారు. తేలికపాటి దుంగలను చెక్కి, ముందు కొస పైకి తేలేలా అమర్చి, కలిపి కట్టిన తెప్ప. దానికి లోపల, బయట అని లేవు. కెరటం పైనుంచి దూకినా దుంగల సందుల్లోంచి నీరు కారిపోతుంది, మునగడానికి ఏమీ మిగలదు. వేట అయ్యాక కట్లు విప్పి దుంగలను ఇసుకలో ఆరబెట్టేవారు. ఒడ్డుకు తిరిగి వచ్చేటప్పుడు వెనక నుంచి లేచే కెరటాన్ని పట్టి, తెడ్డుతో దిశ నిలుపుతూ, దాని భుజం మీద జారి ఇసుక దాకా రావడం వాళ్ల రోజువారీ పని. సర్ఫింగ్ అంటే హవాయి గుర్తుకొస్తుంది, అది న్యాయమే. కానీ చేపల బుట్టతో సహా కెరటం ఎక్కి వచ్చిన మన మత్స్యకారుల పనితనానికి కూడా ఆ చరిత్రలో చోటు దక్కాలని నా గట్టి నమ్మకం.

ఓడలు వచ్చిన కాలంలోనూ ఈ నేర్పే రేవులను నడిపింది. కళింగపట్నం, బారువ రేవుల్లో ఓడ ఒడ్డు దాకా రాలేదు, దూరాన లంగరు వేసేది. సరుకులనూ మనుషులనూ చేరవేసింది మసూలా పడవలు. మేకులు కొట్టకుండా పలకలను కొబ్బరితాడుతో కుట్టి చేసేవారు వాటిని. బిగుసుకున్న పడవ కెరటం దెబ్బకు పగులుతుంది. కుట్టిన పడవ వంగి, సర్దుకుని, మళ్లీ తన ఆకారానికి వస్తుంది. కెరటం బలాన్ని ఎదిరించకుండా ఇముడ్చుకోవడం అనే ఈ కిటుకు ఏ ఇంజనీరింగ్ పుస్తకంలోనైనా చేర్చదగింది.

ఇప్పటికీ బారువలోనో మొగదలపాడులోనో పడవను నీటిలోకి తోసే సమయంలో పక్కన నిలబడి చూడండి. ఆరేడుగురు పడవ అంచులకు భుజాలు ఆనించి ఉంటారు. మోకాళ్ల దాకా నీరు. ఎవరూ తోయరు. అందరి కళ్లూ ఒకాయన మీద, ఆయన కళ్లు దూరాన. తొందరపడే కొత్తవాడికి, "ఉండండి బాబూ, పెద్దవి ఎల్లిపోనీండి" అని జవాబు. మూడు పెద్ద కెరటాలు వరసగా విరిగి, నురుగు కాళ్ల కింద నుంచి వెనక్కి జారుతుంది. ఆయన గొంతు లేస్తుంది. పడవ ఒక్క ఊపున కదులుతుంది. తర్వాతి గుంపు వచ్చేలోగా ఇంజను అందుకుంటుంది.

పెద్ద కెరటాలు గుంపులుగానే ఎందుకు వస్తాయి? పద్నాలుగు సెకన్ల వరస, పదమూడు సెకన్ల వరస కలిసి వస్తున్నాయనుకోండి. ఒకప్పుడు రెండింటి శిఖరాలూ ఒకచోట పడి ఎత్తు పెరుగుతుంది. కాసేపటికి ఒకదాని శిఖరం మీద మరొకదాని పల్లం పడి సద్దుమణుగుతుంది. లెక్క వేస్తే దాదాపు మూడు నిమిషాలకోసారి ఈ చక్రం తిరుగుతుంది. అసలు సముద్రంలో రెండు కాదు, ఎన్నో వరసలు కలగలిసి ఉంటాయి గనుక గడియారంలా తిరగదు. పడవ ముందు నిలబడిన ఆ పెద్దాయన చూపు ఈ కూడికలూ తీసివేతలే చేస్తోంది.

ఇందాక చెప్పిన నల్లని సందు సంగతి ఒకటి ఉంది. ఒడ్డు మీదికి కెరటాలు తెచ్చిపోసిన నీరంతా మళ్లీ వెనక్కి పోవాలి. ఇసుక దిబ్బల మధ్య లోతైన సందు దొరికితే అందులోంచి పాయలా బయటికి పరుగెత్తుతుంది. దీన్నే రిప్ కరెంట్ అంటారు. వేగం మామూలుగా సెకనుకు అర మీటరు, మీటరు ఉంటుంది, ఒక్కోసారి రెండు మీటర్లు. ఆ రెండు మీటర్ల వేగానికి ఒలింపిక్ ఈతగాడు కూడా ఎక్కువసేపు ఎదురీదలేడు. సెలవు రోజున వచ్చిన కుర్రాళ్లు స్నానానికి ఏరుకునేది సరిగ్గా ఆ సందునే, అక్కడ కెరటాలు లేవు కాబట్టి. మన తీరంలో ఏటా ఎందరో తల్లులకు కడుపుకోత మిగులుస్తున్నది ఈ ఒక్క పొరపాటే. పాయ మనిషిని కిందికి లాగదు, లోపలికి తీసుకుపోతుంది. దానితో పోట్లాడి అలసిపోయినవాళ్లే మునుగుతారు. చేయవలసింది వెల్లకిలా తేలడం, చెయ్యెత్తి పిలవడం, ఒడ్డుకు సమాంతరంగా పక్కకు ఈది నురుగు ఉన్నచోటికి చేరడం. ఆ నురుగే తిరిగి ఒడ్డుకు తోస్తుంది. వంశధార మొగ, నాగావళి మొగ దగ్గర నది నీరు, పాటు నీరు, కెరటాలు మూడూ కలుస్తాయి. అక్కడ ఈత మాట తలపెట్టవద్దు.

కెరటాలను చదివే ఈ విద్య మన వాళ్లకు ఎంత బాగా వచ్చో చూడాలంటే పూరీ వెళ్లాలి. జగన్నాథుడి దర్శనానికి వచ్చిన యాత్రికులను చెయ్యిపట్టి సముద్రస్నానం చేయించే నోలియాలు, ఆ ఒడ్డున పెంఠకటలో ఉండే తెలుగు మత్స్యకారులు. ఉత్తరాంధ్ర తీరం నుంచి తరాల కిందట వలస వెళ్లిన కుటుంబాలు. ఇంట్లో మాట తెలుగే. ఏ కెరటానికి యాత్రికుణ్ణి పైకి ఎత్తాలో, దేనికి తల వంచమనాలో వాళ్లకు తెలుసు. ఒడిశా పర్యాటకం ఆ నేర్పును జీవనాధారంగా మార్చుకుంది. ఇటు సొంత గడ్డ మీద, అదే జనం వేట చాలక గుజరాత్‌లోని వెరావల్ బోట్ల మీద కూలికి పోతున్నారు. 2018 నవంబరులో పాకిస్థాన్ పట్టుకున్న ఉత్తరాంధ్ర జాలర్లు అలా వెళ్లినవాళ్లే, 2020 జనవరిలో గాని ఇల్లు చేరలేదు. శ్రీకాకుళం తీరాన భావనపాడులోనూ, విజయనగరం తీరాన చింతపల్లిలోనూ సర్ఫింగ్ నేర్పించాలన్నా, ఒడ్డున కాపలా పెట్టాలన్నా, మొదట అడగవలసింది వాళ్లనే.

ఇక నీటి అడుగు సంగతి. నీళ్లలోకి చూస్తే ముందు కనిపించేది మట్టి రంగు, తర్వాత ఆకుపచ్చ. బంగాళాఖాతంలోకి గంగ, బ్రహ్మపుత్ర, మహానది, గోదావరి గుమ్మరించే మంచినీరు అపారం. ఇక్కడ నాగావళి, వంశధార, మహేంద్రతనయ, బాహుదలు తమ వంతు కలుపుతాయి. పగడాలకు ఉప్పు సమంగా, వెలుతురు ధారాళంగా ఉండాలి. మట్టి మీద పడితే ఊపిరాడదు. మన్నారు సింధుశాఖ, పాక్ జలసంధి దాటాక ఈ తీరం పొడవునా అసలు సిసలు పగడపు దిబ్బలు లేకపోవడానికి కారణం ఇదే. ఆకుపచ్చకు కారణం వేరు, అది శుభవార్త కూడా. 1950ల్లో ఆంధ్ర విశ్వవిద్యాలయానికి వచ్చిన అమెరికన్ సముద్ర శాస్త్రజ్ఞుడు యూజీన్ లాఫాండ్, ఇక్కడి విద్యార్థులతో కలిసి ఈ తీరాన్ని కొలిచాడు. ఎండాకాలంలో తీరం వెంబడి వీచే గాలికి పైనీరు సముద్రంలోకి జరిగి, అడుగునున్న చల్లటి నీరు పైకి ఉబుకుతుందని చూపించాడు. ఆ నీటితో పాటు పోషకాలు వస్తాయి. వాటిని తిని కంటికానని మొక్కలు పెరుగుతాయి. వాటి మీద నెత్తళ్లు, కవ్వళ్లు, కానాగంతలు, వాటి మీద వంజరాలు. నీలంగా మెరిసే పారదర్శక సముద్రం చాలాచోట్ల ఆకలి సముద్రం. మన పచ్చనీరు అన్నం పెట్టే నీరు.

ముఖానికి అద్దం కట్టుకుని చూడాలంటే గట్టి రాయి కావాలి. ఇసుక అడుగున ఏ జీవీ పట్టుకుని నిలవలేదు. విజయనగరం జిల్లా చింతపల్లి దగ్గర తూర్పు కనుమల రాళ్లు సముద్రంలోకి దిగాయి. కొంచెం దూరాన నీటిలో దాగిన సంతపిల్లి రాళ్లు ఒకప్పుడు ఓడలకు గండం. వాటిని హెచ్చరించడానికే 19వ శతాబ్దంలో అక్కడ దీపస్తంభం నిలబెట్టారు. నావికులు భయపడ్డ ఆ రాళ్లే జీవులకు కాపురాలు. నత్తగుల్లలు, ఆలుచిప్పలు, స్పాంజీలు, సముద్ర పువ్వులు, అక్కడక్కడా దిబ్బ కట్టకుండా ఒంటరిగా అంటుకున్న పగడాలు. వాటి మధ్య సీతాకోక చేపలు, పొట్ట ఉబ్బించే బొంక చేపలు, విషపు ముళ్లు విప్పుకుని తిరిగే లయన్ ఫిష్. దీన్ని ముట్టుకోకూడదు. సంక్రాంతి దాటినప్పటి నుంచి ఏప్రిల్ లోపు, వారం రోజులుగా వాన, పెద్ద కెరటాలు లేనప్పుడు, పొద్దుటే వెళ్తే నీరు తేటగా దొరికే అవకాశం ఎక్కువ. బారువ దగ్గర మునిగిన చిల్కా అనే ఆవిరి ఓడ ఇనుము కూడా ఇలాంటి రాయి పనే చేస్తోంది, చేపలు దాన్ని ఊరు చేసుకున్నాయి. అది స్కూబా నేర్చినవాళ్లు, తోడుతో, అనుమతితో దిగవలసిన చోటు.

నీళ్లలోకి దిగనివాళ్లకు అమావాస్య, పౌర్ణముల పాటు వేళ చాలు. పోటుకూ పాటుకూ ఒకటిన్నర మీటరు దాకా తేడా వస్తుంది, రాళ్ల గుంటలు బయటపడతాయి. పెద్దరాయి తిప్పి చూస్తే మళ్లీ ఉన్నట్టే పెట్టాలి. కింద ఉన్నవి ఎండకు చచ్చిపోతాయి.

జనవరి నుంచి ఏప్రిల్ దాకా రాత్రిళ్లు ఈ ఇసుకకు వేరే అతిథులు వస్తాయి. ఆలివ్ రిడ్లే తాబేళ్లు. ఇచ్ఛాపురానికి ఈశాన్యాన సుమారు 50 కిలోమీటర్ల దూరంలో ఒడిశాలో ఉన్న రుషికుల్య మొగ దగ్గర ఇవి లక్షల్లో ఒకేసారి గుడ్లు పెడతాయి. 2025లో దాదాపు ఏడు లక్షల తాబేళ్లు అక్కడికి వచ్చాయి. మన వైపు ఒక్కొక్కటిగా వస్తాయి. తల్లి వెనక కాళ్లతో కూజా ఆకారంలో గొయ్యి తీసి నూరు పైచిలుకు గుడ్లు పెట్టి, ఇసుక కప్పి, ఒంటితో అదిమి వెళ్లిపోతుంది. కుక్కలు, నక్కలు తవ్వేలోగా ఊరి యువకులు గుడ్లు తీసి కంచె వేసిన హేచరీకి చేరుస్తారు. అటవీ శాఖతో కలిసి ట్రీ ఫౌండేషన్ అనే స్వచ్ఛంద సంస్థ ఇలాంటి కాపలాదార్లకు శిక్షణ ఇచ్చింది. వాళ్ల చేతులు గమనించండి. గుడ్డును తిప్పరు, దొర్లించరు. ఏ పక్క పైకి ఉందో ఆ పక్కే పైకి ఉంచి కొత్త గొయ్యిలో దించుతారు. పెట్టిన కొన్ని గంటలకే పిండం గుడ్డు పైభాగానికి అంటుకుంటుంది, ఆ తర్వాత తిప్పితే చచ్చిపోతుంది. సుమారు 45 నుంచి 60 రోజులకు పిల్లలు వస్తాయి. ఇసుక వేడెక్కితే ఆడవి ఎక్కువ, చల్లగా ఉంటే మగవి ఎక్కువ.

ఇసుక మీద పిల్లలకు దారి చూపేది సముద్రం మీది వెలుతురు. ఒడ్డున హోటల్ దీపం వెలిగితే అటు నడిచి చస్తాయి. నీటిలో పడ్డాక మాత్రం వెలుతురు అక్కర్లేదు. ఫ్లోరిడాలో జీవశాస్త్రజ్ఞుడు కెన్నెత్ లోమాన్, ఆయన సహచరులు చేసిన ప్రయోగాల్లో, కటిక చీకట్లో కూడా పిల్లలు కెరటాలకు ఎదురు ఈదాయి. అల కింద నీరు తిరిగే తీరును ఒంటితోనే పసిగట్టి, కెరటం వచ్చిన దిక్కు తెలుసుకుంటాయి. కెరటం వచ్చిన దారే లోతు సముద్రానికి దారి. రెండంగుళాలు లేని ఆ పిల్లకు, పడవ ముందు నిలబడిన పెద్దాయనకు తెలిసినది ఒకే విద్య.

ఈ మొత్తానికీ పునాది ఇసుక. శ్రీకూర్మం, వత్సవలస వైపు నడిస్తే ఇసుక మీద నల్లని, ఎర్రని చారలు కనిపిస్తాయి. తూర్పు కనుమల ఖోండలైట్ రాళ్లు అరిగి నదుల్లో కొట్టుకొచ్చిన ఇల్మనైట్, గార్నెట్ రేణువులివి. కెరటం వెనక్కి జారుతూ తేలిక రేణువులను తీసుకుపోతుంది, బరువైనవి మిగిలి చారలు కడతాయి. చార ఎప్పటికీ అక్కడే ఉండదు. నైరుతి రుతుపవనాల కాలంలో ఏటవాలుగా తాకే కెరటాలు ఇసుకను ఒడ్డు వెంట ఉత్తరానికి నడిపిస్తాయి. ఈశాన్య రుతుపవనాల కాలంలో కొంత వెనక్కి వస్తుంది. మిగులు లెక్క మాత్రం ఉత్తరానికే, విశాఖ పరిసరాల్లో అది ఏటా పది లక్షల ఘనపు మీటర్ల స్థాయిలో ఉంటుందని అంచనా.

ఇలా ఒడ్డు వెంట నదిలా నడిచే ఇసుకకు అడ్డుకట్ట వేస్తే ఏమవుతుందో విశాఖ తొంభై ఏళ్లుగా చూస్తోంది. 1933లో రేవు తెరిచేనాటికి జానస్, వెల్‌డన్ అనే రెండు పాత ఓడలను ముంచి కెరటాలకు అడ్డుగోడ కట్టారు. దక్షిణాన ఇసుక ఆగింది, ఉత్తరాన బీచ్ రోడ్డు పక్క ఇసుక కరిగింది. అందుకే రేవులో తవ్వి తీసిన ఇసుకను ఆర్కే బీచ్ వైపు పోస్తూ వస్తున్నారు. సంతబొమ్మాళి మండలం మూలపేటలో 2023 ఏప్రిల్‌లో కొత్త రేవుకు శంకుస్థాపన జరిగింది. భోగాపురంలో విమానాశ్రయం వస్తోంది. రెండూ ఈ జిల్లాలకు కావలసినవే, వలసలు తగ్గాలంటే పని ఇక్కడే దొరకాలి. కానీ మూలపేటకు ఉత్తరాన బారువ దాకా ఉన్నది తాబేళ్లు గుడ్లు పెట్టే ఇసుక, పడవలు ఆగే ఇసుక, కెరటాన్ని మలిచే ఇసుక. గోడకు దక్షిణాన పేరుకున్నదాన్ని ఏటేటా ఉత్తరానికి దాటించే ఏర్పాటు రేవు ఖర్చులోనే ఉండాలి. ఒడ్డు వాలును ప్రతి రుతువులో కొలిచి ఊరివాళ్లకు తెలియజేయాలి. కొలవడానికి కర్ర, తాడు, నీటిమట్టం చాలు, బారువ హైస్కూలు పిల్లలే చేయగలరు.